పరుగు వచ్చు, తినడం రాదు

మా స్పోర్ట్స్ హాస్టల్లో ప్రతి సోమవారం పొద్దున్నే ఐదున్నరకి బరువు చూసేవారు. మెస్ గుమ్మం పక్కన బియ్యం కొట్లో బస్తాలు తూచే రకం మిషన్ ఉండేది. ఒక్కొక్కరం చెప్పులు విప్పి ఎక్కితే కోచ్ గారు అంకె పైకి చదివేవారు, సీనియర్ అక్క బోర్డు మీద సుద్దతో రాసేది. నాకు పెట్టిన హద్దు 44 కిలోలు. దాటితే అంకె చుట్టూ సున్నా. తినొద్దని ఎవరూ అనేవారు కాదు. కానీ పేరు పక్కన సున్నా చుట్టి ఉంటే రెండో చపాతీకి చెయ్యెలా వెళ్తుంది?

మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. స్కూలు మీట్లలో గెలిచి పదహారేళ్ళకి ఆ హాస్టల్‌కి వెళ్ళాను. 5,000, 10,000 మీటర్లు పరిగెత్తి, స్పోర్ట్స్ కోటాలో విశాఖపట్నంలో ఉద్యోగం తెచ్చుకున్నాను. 10,000 మీటర్లలో నా బెస్ట్ 35 నిమిషాల 12 సెకన్లు. హాఫ్ మారథాన్ 1 గంట 18 నిమిషాలు. పతకాల ఫొటోల్లో ఉండేదాన్ని కాదు, ఫైనల్స్ లిస్టులో మాత్రం ఉండేదాన్ని. నా జీతం నా కాళ్ళది. అందుకే కాళ్ళ గురించి ఎవరేం చెప్పినా విన్నాను. తేలిగ్గా ఉంటే వేగంగా ఉంటావన్నారు, విన్నాను. ముందు కొన్నాళ్ళు అది నిజమే అయింది కూడా. అదే అసలు చిక్కు. మొదట్లోనే దెబ్బతిని ఉంటే అప్పుడే మానేసేదాన్ని.

పదకొండు నెలలు నెలసరి రాలేదు. "ట్రైనింగ్ బాగా పడుతోందన్నమాట" అన్నారు తోటివాళ్ళు. మీట్ల ముందు ఆ బెడద లేదని నాకూ హాయిగానే ఉంది. అమ్మకి చెప్పలేదు. సెలవులకి ఇంటికెళ్తే ఆవిడ చోడి (రాగి) అంబలి గ్లాసు చేతిలో పెట్టి, "ఏటే, ఇంత ఎండిపోనావు, అక్కడ కూడెట్టరేటి?" అనేది. సగం తాగి, మిగతా సగం ఆవిడ చూడకుండా దొడ్లో కుడితి కుండలో పోసేదాన్ని.

2021లో, నాకు ఇరవై తొమ్మిది నిండాక, ఒక మీట్‌కి మూడు వారాల ముందు ట్రాక్ మీద 400 మీటర్ల రిపీట్లు చేస్తున్నాను. ఎనిమిదోదానిలో కుడి మోకాలి కింద ఎముకలో సూది దిగినట్టయింది. తొమ్మిదోది కూడా చేశాను. పదోదానికి కాలు నేల మీద ఆనలేదు. ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు. నొప్పి మాత్రం రాత్రిళ్ళు కూడా తగ్గలేదు. ఎమ్మారై తీస్తే తేలింది, స్ట్రెస్ ఫ్రాక్చర్.

నేను వెళ్ళిన డాక్టరమ్మ కాలు చూడకముందే అడిగిన ప్రశ్న, "ఆఖరిసారి నెలసరి ఎప్పుడొచ్చింది?" అని. ఎముకకీ దానికీ ఏం సంబంధమని నాకు కోపం వచ్చింది. ఆవిడ కాగితం మీద గీసి చెప్పారు. ఖర్చయ్యేదానికంటే తినేది తక్కువై, అలా నెలల తరబడి సాగితే, ఒళ్ళు బతకడానికి తప్పనిసరి కానివి ఒక్కొక్కటే ఆపుకుంటూ వస్తుంది. ముందు నెలసరి ఆపుతుంది. దాంతో ఈస్ట్రోజెన్ పడిపోతుంది. ఎముక గట్టిదనాన్ని కాచేది అదే. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. డెక్సా స్కాన్‌లో నా నడుం ఎముక సాంద్రత చూసి ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "పన్నెండు వారాలు పరుగు లేదు. రోజుకి మూడు పూటలూ అన్నం, మధ్యలో రెండుసార్లు ఏదో ఒకటి. మందు ఇదే" అన్నారు.

పన్నెండు వారాలు ఊరికే కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుందని ఆవిడకీ తెలుసు. నీళ్ళలో పరిగెత్తమన్నారు. నడుముకి ఫోమ్ బెల్టు కట్టుకుని, కాళ్ళు అడుగు తగలనంత లోతులో, ఉన్నచోటే పరుగు. బీచ్ రోడ్డులోని కొలనులో ఆడవాళ్ళ బ్యాచ్ సాయంత్రం. ఆఫీసులో గంట పర్మిషన్ అడిగి వెళ్ళేదాన్ని. పక్క లేన్లలో తొమ్మిదేళ్ళ పిల్లలు చేపల్లా పోతుంటే, నేను నడిసముద్రంలో దారి తప్పినదానిలా నిలబడి కాళ్ళాడించేదాన్ని. మూడో వారానికి విసుగొచ్చి ఈత నేర్పమని అక్కడి మాస్టారిని అడిగాను. మా ఊళ్ళో చెరువు ఉంది, బావులున్నాయి, ఈత మాత్రం మగపిల్లలకే.

ఈ ఈత ముచ్చట కాస్త వివరంగా చెప్పాలి. పరుగువాళ్ళకి చీలమండలు బిగుసుకుపోయి ఉంటాయి. ట్రాక్ మీద అది మంచిదే, అడుగు స్ప్రింగులా తిరిగొస్తుంది. నీళ్ళలో ఈతగాళ్ళ పాదం బ్యాలే డాన్సర్ పాదంలా వెనక్కి చాచుకుంటుంది, మనది మాత్రం కొక్కెంలా కిందికి వంగి ఉంటుంది. మాస్టారు చేతికి బోర్డు ఇచ్చి, కాళ్ళు మాత్రమే కొడుతూ అవతలి గట్టుకి వెళ్ళమన్నారు. బలమంతా పెట్టి కొట్టాను. నీళ్ళు ఫౌంటెన్‌లా లేచాయి. తలెత్తి చూస్తే బయల్దేరిన గట్టు నా కాళ్ళకి తగులుతోంది. "అమ్మాయ్, ముందుకెళ్ళమంటే వెనక్కొస్తున్నావేంటి!" అని మాస్టారు పడీపడీ నవ్వారు. నవ్వడం అయిపోయాక అసలు మాట చెప్పారు. "నువ్వు నీటితో దెబ్బలాడుతున్నావు. ఊపిరి నీళ్ళలో వదులు, తల దించు, నడుం దానంతటదే తేలుతుంది." 25 మీటర్లు ఆగకుండా ఈదడానికి నాకు ఐదు వారాలు పట్టింది. హాఫ్ మారథాన్ 78 నిమిషాల్లో పరిగెత్తే మనిషిని, అటు గట్టు పట్టుకుని కుక్కలా రొప్పేదాన్ని.

కాలు కుదుటపడ్డాక సైకిల్ కూడా తొక్కొచ్చన్నారు. 48 వేలకి సెకండ్ హ్యాండ్ అల్యూమినియం రోడ్ బైక్ కొన్నాను. ఇక్కడే ట్రయాథ్లాన్ ఆలోచన పుట్టింది. పుట్టించింది మా తమ్ముడు. "ఈత కొడ్తన్నావు, సైకిల్ తొక్కుతున్నావు, పరుగు ఎలాగూ ఉంది. మూడూ కలిపి ఆడే ఆట ఉందంట కదక్కా?" ఉంది. ఒలింపిక్స్‌లో 2000 సిడ్నీ నుంచి ఉంది, 1.5 కి.మీ. ఈత, 40 కి.మీ. సైకిల్, 10 కి.మీ. పరుగు. కానీ నా ఈత చూస్తే అందులో నీళ్ళలోంచి బయటికొచ్చేసరికే రేసు అయిపోతుంది. దూరం పెరిగేకొద్దీ ఈత వాటా తగ్గుతుంది. ఐరన్‌మ్యాన్ దూరం 3.8 కి.మీ. ఈత, 180 కి.మీ. సైకిల్, చివర్న పూర్తి మారథాన్. మారథాన్ చివర్న ఉండటం చూసి నాకు నోరూరింది. అందరూ అలిసిపోయి వచ్చాక నా ఆట మొదలవుతుందనుకున్నాను.

ఆ రేసు పుట్టుక గురించి చదివితే ఒక ముచ్చట నచ్చింది. ఈతగాళ్ళు గట్టివాళ్ళా, పరుగువాళ్ళా, సైకిల్ తొక్కేవాళ్ళా అన్న వాదన తేల్చడానికి 1978 ఫిబ్రవరిలో హవాయిలోని ఒవాహు ద్వీపంలో మొదటిసారి పెట్టారు. పదిహేనుమంది బయల్దేరారు, పన్నెండుమంది చేరారు. గోర్డన్ హాలర్ 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లలో గెలిచాడు. రెండో స్థానంలో వచ్చిన జాన్ డన్‌బార్‌కి దారిలో నీళ్ళైపోతే, వెంట ఉన్నవాళ్ళు బీరు ఇచ్చారట. చదివి నవ్వుకున్నాను. ఆ నవ్వులో నా పాఠం ఉందని అప్పుడు తట్టలేదు.

ఆఫీసులో సంగతి త్వరగా చెప్పేస్తాను. స్పోర్ట్స్ కోటాలో నేను చేరింది పరుగుకి. ఈ దూరం ట్రయాథ్లాన్ వాళ్ళ లిస్టులో లేదు. కాబట్టి ప్రాక్టీసుకి పర్మిషన్ లేదు, రేసులకి స్పెషల్ లీవు లేదు. ఉన్న సెలవులు వాడుకున్నాను, ఖర్చంతా నాది. రెండేళ్ళ పీఎఫ్ లోన్ దీనికే పోయింది. ప్రొఫెషనల్ అన్న మాట పరుగు వరకే, ఈ ఆటలో నేను మామూలు ఏజ్ గ్రూపు (వయసుల వారీగా పోటీపడే ఔత్సాహికుల) మనిషిని.

పొద్దున్న నాలుగుంపావుకి లేచి ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా తొక్కేదాన్ని. తమ్ముడు స్కూటీ మీద వెనకాల, సగం నిద్రలో. రుషికొండ దగ్గర ఎక్కుడు, తొట్లకొండ మలుపులు, మంగమారిపేట దగ్గర ఎండుచేపల వాసన, ఆపైన ఎర్రమట్టి దిబ్బలు. దారంతా కుక్కలకి నా పిక్కలంటే ప్రత్యేక అభిమానం. పాదాలు పెడల్‌కి బిగుసుకునే క్లీట్ బూట్లు కొన్న మొదటి రోజు భీమిలి టీ కొట్టు ముందు ఆగాను. కాలు విడిపించడం గుర్తుకి రాలేదు. సైకిల్‌తో సహా నిలువునా పక్కకి ఒరిగిపోయాను, నరికిన అరటిచెట్టులా. బెంచీ మీది ముసలాయన గ్లాసు కింద పెట్టకుండానే, "సైకిల్ రాకపోతే నేర్చుకుని రావాల కదమ్మా" అన్నాడు. ఈ బూట్లు వేసుకునే ప్రతివాళ్ళూ ఒకసారి ఇలా పడతారట. అందరూ టీ కొట్టు ముందే పడరేమో.

సముద్రంలో ఈత వేరే చదువు. విశాఖ సముద్రం చూడటానికి బాగుంటుంది, దిగితే ఏటా ప్రాణాలు తీస్తుంది. ఒంటరిగా ఎప్పుడూ దిగలేదు. రుషికొండ వైపు నలుగురం కలిసి, పడవ తోడు పెట్టుకుని వెళ్ళేవాళ్ళం. పడవ నడిపే జాలరి పెద్దాయన మొదటి రోజే చెప్పాడు, "కెరటం మీదకొచ్చినప్పుడు ఎదురు నిలబడకమ్మా, కింద నుంచి దూరిపో. నీరు లోపలికి లాగితే ఒడ్డుకి ఎదురీదకు. అడ్డంగా పో, అదే వదిలేస్తది." ఆ తర్వాత లైఫ్‌గార్డులు చెప్పే పాఠాల్లోనూ అక్షరం పొల్లుపోకుండా అదే విన్నాను.

ఇక తిండి.

బెంగళూరులో ఉండే ఒక కోచ్ దగ్గర ఫోన్‌లోనే ట్రైనింగ్ మొదలెట్టాను. మొదటి నెల ఆవిడ పంపిన షెడ్యూల్‌లో స్పీడ్ గురించి ఒక్క ముక్క లేదు. ప్రతి లాంగ్ రైడ్ పక్కన ఒక అంకె, గంటకి 60 గ్రాములు. కార్బోహైడ్రేట్ అన్నమాట. నేను మూడు గంటల రైడ్‌కి ఒక అరటిపండు, రెండు ఖర్జూరాలు తీసుకెళ్ళేదాన్ని. లెక్కేసి పంపితే గంటకి 15 గ్రాములు తేలింది. "మిగతా 45 ఎక్కడ?" అని మెసేజ్ పెట్టారు. ఆకలెయ్యలేదు మేడమ్ అన్నాను. "ఆకలేస్తే తినడం ఇంట్లో. ఇక్కడ గడియారం చెప్తే తినాలి." వాచీలో ఇరవై నిమిషాలకొకసారి మోగేలా అలారం పెట్టించారు. ఆ చప్పుడంటే నాకు అసహ్యం పుట్టింది. మోగిన ప్రతిసారీ ఆ బోర్డూ సుద్దముక్కా కళ్ళముందు కనపడేవి. ఒక్కోసారి తిన్నట్టు రాసి తినకుండా వచ్చేదాన్ని. అంబలి కుడితిలో పోసిన చెయ్యే కదా.

తినాలనుకున్నా ఒంటికి పట్టాలిగా. పల్లీ చిక్కీతో మొదలెట్టాను. నూనెగింజ కదా, రెండు గంటలైనా కడుపులో రాయిలా ఉండేది. చోడి అంబలి సీసాలో పోసుకెళ్తే, ఎండకి పులిసి, రోడ్డు గతుకులకి మూత ఎగిరి, మొహం నిండా అభిషేకం. షాపుల్లో దొరికే ఎనర్జీ జెల్ (పిండుకుని మింగే తీపి పాకం) నాకు ఖరీదెక్కువ, వారానికి పది కావాలి. చివరికి కోచ్ సలహాతో ఇంట్లోనే కలుపుకున్నాను. పంచదార, ఉప్పు, నిమ్మరసం, నీళ్ళు. పంచదారలో సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. పేగుల్లో గ్లూకోజ్ వెళ్ళే దారి గంటకి దాదాపు 60 గ్రాములకే నిండిపోతుంది. ఫ్రక్టోజ్‌ది వేరే దారి. రెండూ కలిపి తీసుకుంటే ఎక్కువ పడుతుంది, అందుకే పెద్ద ఆటగాళ్ళు 90, ఆపైన కూడా తీసుకోగలుగుతున్నారు. కాకపోతే పేగులకి కూడా కాళ్ళలాగే అలవాటు చెయ్యాలి. గంటకి 30 నుంచి మొదలుపెట్టి, రెండు వారాలకి పదేసి గ్రాములు పెంచుకుంటూ పోయాను. ఆ నెలల్లో భీమిలి రోడ్డులో పెట్రోల్ బంకుల టాయిలెట్లన్నీ నాకు కంఠతా వచ్చేశాయి.

నాలుగో నెలలో నెలసరి తిరిగొచ్చింది. ఆ రోజు నాలుగు గంటల రైడ్ ఉంది, రద్దు చేసుకుని ఇంట్లోనే ఉన్నాను. ఏడ్చాను. ఎందుకేడ్చానో అమ్మకి అర్థం కాలేదు, నేనూ చెప్పలేకపోయాను. అప్పటికి నా బరువు 49.

మొదటి పెద్ద రేసు గోవాలో. 2019 నుంచి అక్కడ మిరామార్ బీచ్ దగ్గర ఐరన్‌మ్యాన్ 70.3 జరుగుతోంది, సగం దూరం. 1.9 కి.మీ. ఈత, 90 కి.మీ. సైకిల్, 21.1 కి.మీ. పరుగు. మొత్తం ఎనిమిదిన్నర గంటల్లో అవ్వాలి, ఈతకి గంటా పది నిమిషాల కటాఫ్. నా భయమంతా ఆ కటాఫ్ మీదే. 49 నిమిషాల్లో బయటికొచ్చాను. ఇసుకలో పరిగెడుతుంటే సగం రేసు గెలిచేసినంత సంబరం.

ఆ సంబరమే ముంచింది. సైకిల్ మీద ముప్ఫయ్యో కిలోమీటర్ దగ్గర స్పీడ్ బ్రేకర్ మీద ఒక సీసా ఎగిరి పడిపోయింది. అందులో గంటకి సరిపడా పంచదార నీళ్ళు. వాలంటీర్ల దగ్గర వేరేది తీసుకోవచ్చు, తీసుకోలేదు. కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి. తేలిక! ఆ మాట మళ్ళీ తలకెక్కింది. అలారం మోగుతోంది, నేను నొక్కి ఆపేస్తున్నాను. మూడు గంటల ఇరవై నిమిషాల సైకిల్‌లో నేను మింగింది ఒకటిన్నర గంటకి సరిపడా.

పరుగు మొదలెట్టాను. అందరూ ఎండకి నీరసించి నడుస్తుంటే నేను కిలోమీటర్ నాలుగున్నర నిమిషాల్లో పోతున్నాను. ఒక్కొక్కళ్ళనీ దాటుతుంటే ఒళ్ళు పులకరించింది. ఎనిమిదో కిలోమీటర్ దాకా. తొమ్మిదోదానిలో చేతివేళ్ళు చల్లబడ్డాయి, అక్టోబరు ఎండలో. పదకొండోదానిలో కొబ్బరిచెట్ల వరసలో ఏ చెట్టు నిజమో తెలీలేదు. ఒక ఎయిడ్ స్టేషన్‌లో కోలా తాగితే తాగినంతా బయటికొచ్చింది. ఒక చిన్న వాలంటీర్ పిల్ల నా వీపు రాస్తూ, "దీదీ, బైఠో" అంది. కూర్చుంటే లేవలేనని తెలుసు. నడిచాను. ఇందాక నేను దాటిన వాళ్ళందరూ ఒక్కొక్కళ్ళే నన్ను దాటారు. అందులో నెత్తి నెరిసిన ఒకాయన చేతిలో ఉప్పు వేసిన బంగాళదుంప ముక్క ఉంది, నములుతూ హాయిగా జాగింగ్ చేస్తున్నాడు. 21 కి.మీ.కి 2 గంటల 14 నిమిషాలు. మొత్తం 6 గంటల 31 నిమిషాలు. ట్రయాథ్లాన్‌లో నాకు వచ్చిన ఒకే ఒక్క విద్య పరుగు, నన్ను చిత్తు చేసింది అదే.

రాత్రి కోచ్‌కి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను, తిన్నట్టు రాసి తినని రోజులతో సహా. తిట్టలేదు. ఒక వీడియో చూడమన్నారు. 1995లో హవాయిలోని కోనాలో జరిగిన ఐరన్‌మ్యాన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్. పౌలా న్యూబీ-ఫ్రేజర్ అప్పటికే అక్కడ ఏడుసార్లు గెలిచిన మనిషి. ముందంజలో ఉండి, ఫినిష్ లైన్ కొద్ది వందల మీటర్ల దూరంలో ఉందనగా తూలిపోయి రోడ్డు మీద పడుకుండిపోయింది. వెనకాల తరుముతున్నారన్న కంగారులో ఎయిడ్ స్టేషన్లు వదిలేసుకుంటూ వచ్చింది. కాసేపటికి లేచి నడిచి నాలుగో స్థానంలో చేరింది. మరుసటి ఏడాది మళ్ళీ వచ్చి గెలిచింది, అది ఎనిమిదోసారి. ఆవిడ రోడ్డు మీద బూట్లు విప్పుకుంటున్న ఆ నిమిషాలు నేను ఎన్నిసార్లు చూశానో.

తర్వాతి ఏడాది నవంబరులో మలేషియాలోని లంకావీలో పూర్తి దూరం. ఎందుకక్కడంటే, టికెట్ తక్కువ, వేడీ ఉక్కా మన విశాఖలాగే, చలినీళ్ళలో వేసుకునే వెట్‌సూట్ కొనే పని లేదు. పదకొండు నెలలు తయారయ్యాను. వారానికి పదమూడు పద్నాలుగు గంటలు. అందులో కొత్తగా చేసిన పని బరువు చూసుకోవడం. అవును, మళ్ళీ. రైడ్‌కి ముందు ఒకసారి, వచ్చి ఒళ్ళు తుడుచుకుని ఒకసారి. ఎంత తగ్గితే అంత చెమట పోయినట్టు, దానికి తాగింది కలుపుకోవాలి. మే నెలలో నాకు గంటకి లీటరు పైనే పోతోంది. ఉప్పు లేకుండా ఉత్త నీళ్ళే ఎక్కువగా తాగినా ప్రమాదమే, రక్తంలో సోడియం పలచబడి ఫిట్స్ దాకా వెళ్తుంది. రేసు అయ్యాక బరువు పెరిగిందంటే కంగారు పడాలి, అతిగా తగ్గినా కంగారు పడాలి. మొదట్లో ఆ మిషన్ ఎక్కాలంటే కాళ్ళు వణికేవి. తమ్ముడు అంకె చదివి రాసుకునేవాడు, నేను చూసేదాన్ని కాదు. నాలుగైదు నెలలకి నేనే చదవడం మొదలెట్టాను.

ఇంకో సమస్య తీపి. ఆకలి రుచెరుగదంటారు. ఈ ఆటలో తలకిందులు. నాలుగు గంటలు దాటాక ఆకలన్నదే తెలీదు, రుచి మాత్రం బాగా తెలుస్తుంది. తీపి పేరెత్తితే డోకొచ్చేది. ఉప్పగా, పుల్లగా ఏదన్నా కావాలి. అమ్మకి ఆ సంగతి చెబితే, ఎన్నాళ్ళ నుంచో ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టు, "పులిహోర కట్టుకెళ్ళు" అంది. ఆవాలు, వేరుశనగలు, నూనె తగ్గించి, మెత్తటి అన్నంతో నిమ్మకాయంత ముద్దలు చేసి ఇచ్చింది. ఐదు గంటల రైడ్‌లో నాలుగో గంటకి రెండు ముద్దలు తిన్నాను. కిందికి దిగాయి. దిగినవి దిగినట్టే ఉన్నాయి.

సైకిల్ విప్పి పెట్టెలో సర్దడం కూడా నేర్చుకున్నాను. పెడళ్ళలో ఎడమదానికి మర తిరగబడి ఉంటుందని తెలీక అరగంట దానితో కుస్తీ పట్టాను. లంకావీ గదిలో చిన్న కరెంటు కుక్కర్‌లో అన్నం వండి, అమ్మ సీసాలో ఇచ్చిన పులిహోర గుజ్జు కలిపాను. హోటల్ స్నానాల గదిలో బరువు చూసే మిషన్ ఉంది. రేసు రోజు పొద్దున్న 51.3.

ఈత 1 గంట 28 నిమిషాలు. సైకిల్ దారి అడవి మధ్య ఎక్కుడూ దిగుడూ, రోడ్డు పక్కన కోతులు, మధ్యలో ఒక గంట ధారగా వాన. ముందువాళ్ళ వెనకాల గాలి చాటున తొక్కితే పెనాల్టీ, పన్నెండు మీటర్లు ఎడం ఉండాలి. కాబట్టి గంటల తరబడి ఒంటరితనమే, తోడు ఆ అలారం ఒక్కటే. మోగినప్పుడల్లా తాగాను. వానలో, ఎక్కుడులో, పక్కనుంచి నాకంటే లావుగా ఉన్నవాళ్ళు దాటిపోతున్నప్పుడు కూడా. మనం ముందుగా ఇచ్చుకున్న సంచీ సగం దారిలో అందించే చోటు ఉంటుంది. అక్కడ ఆగి రేకు కాగితం విప్పుతుంటే, పక్కన సైకిల్‌కి ఆనుకుని నిలబడ్డ ఒకాయన ముక్కు ఎగబీల్చి, "పులిహోరా?" అన్నాడు. హైదరాబాదాయన. ఒక ముద్ద ఇచ్చాను. "ఇంగువ కూడా వేశారు" అని కళ్ళు మూసుకున్నాడు. రేసులో నేను అనవసరంగా పోగొట్టుకున్న నిమిషం అదొక్కటే.

180 కి.మీ. అయ్యేసరికి 6 గంటల 52 నిమిషాలు. గంటకి 70 గ్రాముల లెక్కన దాదాపు 480 గ్రాములు కడుపులోకి వెళ్ళాయి. హాస్టల్లో నాలుగు రోజులకి అంత తినేదాన్నేమో.

మారథాన్ కిలోమీటర్ ఆరు నిమిషాల చొప్పున మొదలెట్టాను. నా కాళ్ళకి అది అవమానంగా ఉంది. మొదటి పది కిలోమీటర్లు కాళ్ళని బతిమాలుతూ, కళ్ళేలు లాగుతూ పోయాను. ప్రతి ఎయిడ్ స్టేషన్‌లో నడిచాను. ఐస్ ముక్కలు టోపీలో, కోలా రెండు గుటకలు, ఉప్పు ఒక చిటికెడు, మళ్ళీ పరుగు. చీకటి పడింది. ముప్ఫై రెండో కిలోమీటర్ దగ్గర అందరికీ వచ్చేది నాకూ వచ్చింది, తొడలు కర్రలయ్యాయి. కానీ వేళ్ళు చల్లబడలేదు, లైట్లు రెండుగా కనపడలేదు. నొప్పే, అంతే. నొప్పితో నాకు పాత పరిచయం. చివరి పదిలో నలభైమందికి పైగా దాటాను, ఎవరూ తిరిగి నన్ను దాటలేదు. లెక్కపెట్టాను, అబద్ధమెందుకు. పరుగు 4 గంటల 21 నిమిషాలు. మొత్తం 12 గంటల 55 నిమిషాలు.

గదికి వెళ్ళి మెట్లు వెనక్కి తిరిగి దిగాల్సిన అవస్థలో స్నానాల గదిలోకి దేక్కుంటూ వెళ్ళాను. మిషన్ ఎక్కాను. 49.4. నోట్‌బుక్‌లో 51.3 పక్కన రాసుకున్నాను, తేడా 1.9, నాలుగు శాతానికి లోపలే. అమ్మకి ఫోన్ చేస్తే మనవైపు ఇంకా దీపాలు పెట్టే వేళ, వెనకాల కుక్కర్ కూత వినపడుతోంది. గెలిచావా అని అడగలేదు. "ముద్దలు సరిపోయేయా?" అంది. ఒకటి ఎవరికో ఇచ్చేశానన్నాను. నా గదిలోని కుక్కర్ అడుగున పులిహోర ఇంకో పిడికెడు మిగిలి ఉంది. గరిట కనపడలేదు. చేత్తోనే గీరుకుని తిన్నాను.